తల్లి చేపలకు లైటు వేయాలా, వానకు ఆగాలా?

(వరంగల్ దగ్గర పాకాల వైపు ఒక సీడ్ హేచరీ, అంటే చేపపిల్లలను పుట్టించే కేంద్రం. జనవరి నెల. హేచరీ నడిపేది బామ్మర్ది, ఊరి మత్స్యకారుల సొసైటీలో పాత మనిషి బావ. వానలకు ముందే గుడ్లు తయారవడానికి తల్లి చేపల తొట్లకు రాత్రిపూట లైట్లు బిగించాలా అన్నది పేచీ.)

బావ: రవ్వ (రోహు), బొచ్చె (కట్ల) చేపలు గుడ్లు పెట్టేది మృగశిర దాటాక, కొత్తనీరు పారినప్పుడు. ఏ బల్బు చూసి పెడతాయిరా?

బామ్మర్ది: పెట్టేది వానకే బావా, కాదనను. కడుపులో గుడ్డు తయారవడం మాత్రం ఫిబ్రవరి నుంచే మొదలు. పగలు పెరుగుతున్న సంగతి తల పైభాగంలో ఉన్న పీనియల్ గ్రంథికి తెలుస్తుంది. అది చీకట్లో మెలటోనిన్ అనే హార్మోన్ వదులుతుంది. రాత్రి కురచైతే మెలటోనిన్ ఉండే సమయమూ తగ్గుతుంది. ఆ కబురు మెదడుకు, దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అండాశయానికి చేరుతుంది. బొచ్చె మీద మన దేశంలోనే పరీక్షలు చేశారు. రోజుకు 16 గంటల వెలుగిస్తే అండాశయం ముందే ఎదిగింది, 8 గంటలే ఇస్తే వెనకబడింది.

బావ: మన వరంగల్‌లో పగలు డిసెంబరులో 11 గంటలు, జూన్‌లో 13. ఆ రెండు గంటలకే ఇంత కథా? బంగారు తీగ (కామన్ కార్ప్) చూడు, జనవరి, ఫిబ్రవరిలో కూడా నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. ఇక నార్వేలో సాల్మన్‌కు చలికాలమంతా లైట్లు వేసేది గుడ్ల కోసం కాదు. తొందరగా ఈడుకు రాకుండా ఆపి, మాంసం పెంచడానికి. ఒక చేపను తోసే లైటే ఇంకో చేపను ఆపుతుంది.

బామ్మర్ది: అందుకే నేను రవ్వకూ బొచ్చెకే అంటున్నా. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో పిట్యూటరీ రసం సూదితో గుడ్లు పెట్టించాకే కదా మనకు హేచరీలు వచ్చింది! కానీ గుడ్డు పక్వానికి రాని చేపకు సూది వేసి ఏం లాభం?

బావ: సరే, లైటుతో ముందే, మేలో స్పాన్ (అప్పుడే పుట్టిన పిల్లలు) తీశావనుకో. ఎక్కడ పోస్తావ్? కాకతీయుల చెరువులైనా, ఊరి కుంటలైనా నిండేది ఆగస్టుకు. మేలో అడుగున బురద.

బామ్మర్ది: నాకు కావాల్సిందే అది. రెండు మూడు నెలలు నర్సరీలో పెంచితే చెరువు నిండే సరికి పిల్ల 80-100 మిల్లీమీటర్లు అవుతుంది. 35-40 మిల్లీమీటర్ల పిల్ల పోస్తే కొరమీను మింగాకే మనకు లెక్క.

బావ: (కాసేపు ఆగి) ఇది మాత్రం నిజం. సొసైటీలో ఏటా మా గొడవ దీని మీదే. అయితే మేలో నర్సరీకి నీళ్లు?

బామ్మర్ది: బోరు.

బావ: బోరుకు కరెంటు, లైటుకు కరెంటు! పెంపకం చెరువుకు కూడా బిగిస్తానంటావేమో?

బామ్మర్ది: లేదు బావా. తిలాపియా 18 గంటల వెలుగులో బాగా పెరిగిందన్న మాట నిజమే, కానీ అది తొట్లలో. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలైతే చీకట్లోనే బాగా పెరుగుతాయి. ఎకరాల చెరువులో, పచ్చటి నీళ్లలో వెలుగు ఎంత లోతుకు దిగుతుంది? బొచ్చెకు తిండి ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, అది ఎండకే పెరగాలి.

బావ: అయితే ఒక తొట్టికే లైటు వెయ్. ఇంకోదానికి ఆ వెలుగు పడకుండా తడక కట్టు. మేత, నీళ్లు, చేపల వయసు రెండింటికీ ఒకటే. పొద్దున, సాయంత్రం నీటి వేడి రాయి. లేకుంటే మార్చి ఎండ చేసిన పని నీ బల్బు ఖాతాలో రాసుకుంటావ్.

బామ్మర్ది: థర్మామీటర్ ఉంది. రాసేది నువ్వే అయితే సరే.