గూడబాతు వెనకాల నగల షాపు

చెన్నై పళ్ళికరణైలో గూడబాతులకు కొదవ లేదు. వాటి వెనకాల ఖాళీకే కరువు. ఒక పక్క పెరుంగుడి చెత్త డంపు, ఇంకో పక్క ఐటీ కంపెనీల అద్దాల మేడలు, మధ్యలోంచి రెండొందల అడుగుల రేడియల్ రోడ్డు, దాని మీద బస్సులు, లారీలు. ఈ చిత్తడి నేల 2022లో, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాకెక్కింది. ప్రపంచం గుర్తించింది గానీ, మా తోడల్లుడు గుర్తించడానికి మాత్రం ఆయన రిటైరై, వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి 150-600 జూమ్ లెన్సు కొనేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆయనది నాయుడుపేట. నేలపట్టు పక్షుల్ని చూస్తూ పెరిగిన మనిషి. అందుకని చెన్నైలో ఎక్కడ గూడబాతు కనబడినా, "మనూరిదే తమ్ముడూ, ముక్కు చూస్తే తెలియట్లా?" అంటారు. నేలపట్టులో అవి కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి, వెనకాల ఎటు చూసినా పచ్చదనమే. అదే పక్షి ఇక్కడికొచ్చేసరికి ఇలా అయిపోయిందేమిటని ఆయన బాధ. గూడబాతుకు నోరుంటే, నేను ముందునుంచీ ఇక్కడే ఉన్నాను, నా వెనకాల మిమ్మల్ని ఎవరు కట్టుకోమన్నారని అడిగేది.

మొదట్లో ఆయన లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్ 16 దగ్గర పెట్టి తీసేవారు. "లెన్సుకు అంత డబ్బు పోశాం, అన్నీ స్పష్టంగా కనబడొద్దూ?" అనేది ఆయన వాదన. అన్నీ స్పష్టంగానే కనబడ్డాయి. గూడబాతు నెత్తి మీంచి హైటెన్షన్ టవరు మొలిచింది. నీలం రంగు నీటికోడి ముక్కు చివర సరిగ్గా సిటీ బస్సు ఆగింది. అన్నిటికంటే గొప్పగా కుదిరిన ఫొటోలో గూడబాతు రెక్కలు విప్పుకుని నిలబడితే, రెండు రెక్కల మధ్యన నగల షాపు హోర్డింగు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టగానే నాయుడుపేట పిన్నిగారి దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది: "వేస్టేజి లేదని రాశారు, ఈ ఆఫరు ఎప్పటిదాకా నాన్నా?" కావలిలో ఉండే ఇంకో పెద్దాయన ఆ వెనకున్న అపార్ట్‌మెంట్లో డబుల్ బెడ్రూమ్ ఎంత పలుకుతోందో కనుక్కోమన్నారు. పక్షి ఊసు ఎవరూ ఎత్తలేదు.

వాళ్ళమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. తండ్రిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఎఫ్ పక్కనున్న నంబరు తగ్గేకొద్దీ లెన్సు రంధ్రం పెద్దదవుతుంది, ఫోకస్ పడిన చోటు తప్ప మిగతాదంతా మసకేస్తుంది అని. మా వాడు నంబరును 6.3కి దించి, ఇక హోర్డింగులకు కాలం చెల్లిందనుకున్నారు. మర్నాడు నీటికోడి తుంగను ఆనుకుని నిలబడింది. ఫొటోలో కోడీ స్పష్టం, తుంగా స్పష్టం, తుంగలో ఇరుక్కున్న చిప్స్ ప్యాకెట్టు మీది ధర కూడా స్పష్టం. నంబరు ఎంత దించినా, పక్షికీ వెనకున్నదానికీ మధ్య జానెడు దూరం కూడా లేకపోతే ఏ లెన్సు మాత్రం ఏం చేస్తుంది? ఈ సంగతి ఆ పిల్ల చెప్పబోతుండగానే ఆయన లేచి వెళ్ళిపోయారట. మిగతా పాఠం నేను విన్నాను, పకోడీలు తింటూ.

మధ్యలో ఒక యాప్ ముచ్చట కూడా నడిచింది. బ్యాక్‌గ్రౌండును అదే పీకేస్తుందన్నారు. పొడుగ్గా, పుల్లల్లాంటి గులాబీ కాళ్ళుండే స్టిల్ట్ పిట్ట ఫొటో ఒకటి ఇస్తే, యాప్ నీళ్ళు తీసేసింది, గడ్డి తీసేసింది, ఆ ఊపులో కాళ్ళు కూడా తీసేసింది. పిన్నిగారు దాన్ని చూసి, పాపం ఏ బండి కింద పడిందని అడిగారు.

చివరికి వదిన చెప్పిన మాటే పనిచేసింది. ఆవిడకు కెమెరా పట్టుకోవడం కూడా రాదు. "నిలబడి కిందికి చూస్తే పక్షి వెనకాల బురదే కదండీ కనబడేది? మీరూ దానంత కిందికి వంగి చూడండి" అన్నారు. అక్షరాలా నిజం. కెమెరా పక్షి కంటి ఎత్తుకు దిగితే, దాని కాళ్ళ కింది బురద తప్పుకుని, ఎక్కడో దూరాన ఉన్న అవతలి గట్టు వెనకాలకి వస్తుంది. దూరం పెరిగింది కాబట్టి అది మెత్తగా మసకబారుతుంది.

పళ్ళికరణైలో కంచె దాటి దిగకూడదు కాబట్టి మకాం పెరుంబాక్కం చెరువుకు మారింది. తెల్లవారుజామునే నన్ను లేపి తీసుకెళ్ళారు. నా ఉద్యోగం ఫ్లాస్కు మొయ్యడం. గట్టు మీద ఆయన చాలాసేపు వెతికి ఒక చోటు ఎంచుకున్నారు. ఎదురుగా నీళ్ళలో గూడబాతు, దాని వెనక అవతలి ఒడ్డున దట్టమైన తుంగ. బోర్డు లేదు, టవరు లేదు. కాకపోతే ఎండ సూటిగా మా కళ్ళలో కొడుతోంది. పక్షి నల్లటి బొమ్మలా పడుతుందేమో అన్నయ్యా, అన్నాను. "వెలుగు తర్వాత చూసుకుందాం, ముందు బ్యాక్‌గ్రౌండ్ ముఖ్యం" అని గోనెసంచి పరుచుకుని, ఏదో వాకథాన్‌లో ఊరికే ఇచ్చిన నారింజ రంగు టీషర్టుతో బోర్లా పడుకున్నారు.

అరవై దాటిన మనిషి పొద్దున్నే చెరువు గట్టున బోర్లా పడి కదలకుండా ఉంటే వాకింగుకొచ్చే జనం ఊరుకుంటారా? "ఎన్న ఆచ్చు సార్?" అంటూ ఒకాయన ఆగాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. ఒకావిడ స్కూటీ తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టబోయింది. ఇంకొకతను 108కి ఫోన్ చెయ్యడానికి నంబరు నొక్కుతున్నాడు. ఏమీ కాలేదండీ, బ్యాక్‌గ్రౌండ్ కోసం పడుకున్నారు అని నాకొచ్చిన తమిళంలో చెప్పాను. వాళ్ళు నన్ను ఇంకా అనుమానంగా చూశారు. మా వాడు మాత్రం వ్యూఫైండర్‌లోంచి కన్ను తియ్యలేదు.

అప్పుడే అవతలి తుంగలోంచి ఒక చెయ్యి లేచింది. పక్కకు, పక్కకు అన్నట్టు ఊగింది. మా వాడు జూమ్‌లో దాన్ని చూసి, ఎవరో పలకరిస్తున్నారనుకుని తానూ చెయ్యెత్తి ఊపారు. గూడబాతు ఇద్దరినీ ఒకసారి చూసి, నీళ్ళ మీద పరుగెత్తి ఎగిరిపోయింది.

కాసేపటికి ఆ చేతి తాలూకు మనిషి గట్టు చుట్టూ తిరిగి మా దగ్గరికొచ్చాడు. ఒంటి నిండా ఆకుల డిజైను బట్టలు, భుజాన మా వాడి లెన్సుకు రెట్టింపు లావున్న లెన్సు. తమిళంలో మొదలెట్టి, మా మొహాలు చూసి తెలుగులోకి దిగాడు. "చీకటితోనే వచ్చి కూర్చున్నానండీ. అంతా బాగా కుదిరింది, ఇంతలో వెనకాల ఆరెంజు రంగు వచ్చి పడింది. అది మీరేనా?"

మా వాడు మాట పడిపోయినట్టు నిలబడ్డారు. ఆ కుర్రాడు జాలిపడి స్క్రీను చూపించాడు. ఎండ వాడి వీపు మీద ఉంది కాబట్టి గూడబాతు ఈకలన్నీ లెక్కపెట్టుకునేలా వచ్చాయి. గట్టూ జనమూ మెత్తని మసకలో కరిగిపోయారు. నీటి అంచున మాత్రం గుండ్రంగా, నారింజ రంగులో ఒక బింబం. "ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నానండీ. కానీ సూర్యోదయంలా బాగానే ఉంది, ఉంచేస్తాను" అన్నాడు. వాడు చూస్తున్నది పడమటికి. సూర్యుడు పడమట పొడవడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

మా వాడు బతిమాలి ఫొటో పంపించుకున్నారు. ఇంటికెళ్ళేదాకా కూడా ఆగలేదు, కారులోనే గ్రూపులో పెట్టేశారు. ఫలానా గుండ్రటిది తానేనని బాణం గుర్తు కూడా వేశారు. పిన్నిగారి జవాబు మేము మేడవాక్కం సిగ్నల్ దాటకముందే వచ్చింది.

"సూర్యుడు చాలా బాగున్నాడు నాన్నా. ముందర ఆ పక్షి అడ్డం రాకుండా ఉంటే ఇంకా బాగుండేది."