మడమకి జెల్ రాసి ఎముకల జాతకం చెప్పేస్తారా?

ఈ ఆదివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో "ఉచిత ఎముకల పరీక్ష" అని బ్యానర్ కట్టారు. ఒక చిన్న మెషీన్, పక్కనే కాల్షియం పౌడర్ డబ్బాల గుట్ట. పిన్ని పాదం పెట్టింది, కాసేపటికి కాగితం వచ్చింది. "ఆకుపచ్చలో ఉన్నారమ్మా, మీ ఎముకలకి ఢోకా లేదు" అన్నాడు ఆ కుర్రాడు. మా అత్తయ్యకేమో మైనస్ 2.7 అని చెప్పి, బెదరగొట్టి, రెండు డబ్బాలు అంటగట్టాడు. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది.

అది మడమకి చేసే అల్ట్రాసౌండ్. ఎవరిని పెద్ద పరీక్షకి పంపాలో ఏరడానికి పనికొస్తుంది, కాదనను. ఎముకలు గుల్లబారే జబ్బు (ఆస్టియోపొరోసిస్) ఉందనో లేదనో తేల్చేది మాత్రం అది కాదు. తేల్చేది డెక్సా స్కాన్. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి నడుము దగ్గర, తుంటి దగ్గర ఎముక సాంద్రత, అంటే ఎముక ఎంత దట్టంగా ఉందో, కొలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ సగటు కన్నా అది ఎంత తక్కువో చెప్పేదే ఆ మైనస్ అంకె. మైనస్ 2.5కి దిగితే జబ్బు ఉన్నట్టే అనే గీత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టింది, అది డెక్సా లాంటి కొలతలకి. దాన్ని తెచ్చి మడమ మెషీన్‌కి అతికించి డబ్బాలు అమ్ముకుంటుంటే అసోసియేషన్ వాళ్ళు దగ్గరుండి కుర్చీలు వేయించారు!

అన్నిటికన్నా కడుపు మండేది పిన్ని సంగతి. పోయినేడు వరండాలో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడింది, మణికట్టు విరిగింది. యాభై దాటిన ఆడమనిషికి అంత చిన్నపాటికి ఎముక విరిగిందంటే వెంటనే సాంద్రత చూడాలి. ఆపరేషన్ చేశారు, ప్లేటు వేశారు, కుట్లు విప్పారు, ఫిజియోథెరపీ రాశారు. డెక్సా అన్న ఒక్క మాట రాయలేదు. సూది గుచ్చేది లేదు, పావుగంట పడుకుంటే చాలు, రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువ. నేను అడిగితే "ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందిగా" అన్నారు. మామూలు ఎక్స్‌రేలో పల్చబడ్డట్టు కనిపించేసరికే దాదాపు మూడో వంతు పోయి ఉంటుందండీ! ఇప్పుడు పిన్ని ఆ ఆకుపచ్చ కాగితం చూపించి ఇక ఏ డాక్టరూ వద్దంటోంది. ఆమెకేం చెప్పి ఒప్పించను?

అలాగని డెక్సా అంకె ఒక్కటే చూసి ఊరుకున్నా కుదరదు. నాన్నగారి వైపు వాళ్ళది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఒంట్లో ఎముక దట్టంగా కనిపిస్తుంది, సాంద్రత అంకె బ్రహ్మాండంగా వస్తుంది, ఎముక మాత్రం పెళుసు. ముసలివాళ్ళ వెన్నులో అరిగి పెరిగిన ఎముక ముక్కలు కూడా అంకెని పైకి లాగేస్తాయి. అందుకే ఏ ఊరు, ఏ నీళ్ళు, ఇంతకుముందు ఏమైనా విరిగిందా, స్టెరాయిడ్లు వాడారా అని మనిషిని కూర్చోబెట్టి అడగాలి. ఎవరడుగుతున్నారు?

ఇంట్లోవాళ్ళం అడిగామా? అమ్మమ్మ ఏటేటా పొట్టిదైపోతుంటే అందరూ నవ్వారు. నడుం నొప్పంటే "వయసు కదా" అన్నారు. వెన్నుపూస చప్పుడు లేకుండా నలిగిపోతే మనిషి అలాగే కుంగుతుంది. పక్కనుంచి ఒక్క ఎక్స్‌రే తీస్తే తెలిసేది. తీయించలేదు. తర్వాత తుంటి విరిగి మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. మావయ్య ఈ రోజుకీ బాత్రూం టైల్స్‌దే తప్పంటాడు. తల్లికి తుంటి విరిగితే పిల్లలకీ ముప్పు ఎక్కువని డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. మావయ్య మాత్రం ఆ నెలలోనే టైల్స్ మార్పించాడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఒక్కరినీ స్కాన్‌కి పంపలేదు.