347వ నంబరు నైలాన్ నిక్కరు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ అద్దె నైలాన్ నిక్కరు గారికి, కర్నూలు నుంచి ఒక డిపాజిట్టుదారుడు అనేక నమస్కారములతో వ్రాసుకున్న విన్నపము.

తమరి నంబరు నాకు కంఠస్థం కావడానికి గల కారణాన్ని కాస్త ఆగి మనవి చేసుకుంటాను. ముందుగా, మొన్న ఆదివారం హైదరాబాదు శివారులోని ఆ వాటర్ పార్కు ద్వారం వద్ద తమరితో జరిగిన తొలి పరిచయాన్ని గుర్తుచేయనివ్వండి. మే నెల ఎండకు తుంగభద్రలో బండలు తేలి, హంద్రీ ఎక్కడుందో వంతెనను చూసి గుర్తుపట్టవలసి వచ్చే రోజుల్లో, ఆ రెండు నదులూ కలిసే ఊళ్లో కాపురముంటున్న మేము ఐదుగురం నీళ్లను వెతుక్కుంటూ 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు వచ్చాము. టికెట్ల ధర గురించి నేను మాట్లాడను. తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోరను గేటు దగ్గరే వదిలేయించిన సంగతీ ఎత్తను. నా గొడవంతా తమరితోనే.

నూలు దుస్తులతో నీళ్లలోకి దిగరాదన్న నియమం వెనుక కారణాలున్నాయని నాకు తెలియకపోలేదు. నూలు నుంచి రాలే పోగులు వడపోత యంత్రాల్లో చిక్కుకుంటాయి, రంగులు దిగుతాయి, తడిసి బరువెక్కిన గుడ్డ పిల్లలను ఈదనివ్వదు. అన్నీ న్యాయమైనవే. అయినా ఆదోని పత్తి మార్కెట్టు ఉన్న జిల్లా నుంచి వచ్చిన మనిషిని, ఒంటి మీద నూలు బనీను కనబడగానే దొంగసరుకుతో దొరికినవాడిలా పక్కన నిలబెడితే ఎలా ఉంటుందో తమరే ఆలోచించండి. పైగా మా ఇంటావిడ ముందుచూపుతో కర్నూలులోనే ఐదు మెరిసే నిక్కర్లు కొని సంచిలో పెట్టింది. గేటు దగ్గరి యువకుడు వాటిలో ఒకదాని అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది పాలిస్టరు సార్, నడవదు" అని తీర్పు చెప్పాడు. 1935లో నైలాన్‌ను కనిపెట్టిన వాలెస్ కెరోథర్స్ సైతం ఆ మాట చెప్పడానికి ఒక ప్రయోగశాల అడిగి ఉండేవాడు.

ఆ విధంగా తలకు వంద రూపాయల అద్దె, రెండు వందల డిపాజిట్టు చెల్లించి, ఐదుగురికీ కలిపి ఒకే రసీదు పుచ్చుకుని తమరి వంశాన్ని మా ఒంటి మీదికి ఆహ్వానించాము. మీ వంశమంతా తడిగా ఉంది. ఉతికినందువల్ల తడిగా ఉందా, ఇప్పుడే ఇంకెవరో విప్పినందువల్ల తడిగా ఉందా అని అడిగితే కౌంటరులోని పెద్దమనిషి నవ్వి, "నీళ్లలోకి పోయేవే కదా సార్" అన్నాడు. కొలనుల దగ్గర ముక్కును కోసే ఆ ఘాటు ఉత్త క్లోరిన్‌ది కాదనీ, క్లోరిన్ మన చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లదనీ ఏనాడో చదివి ఉండకపోతే నేను కొంత సుఖపడేవాడిని. తమరిలో నుంచి అదే ఘాటు వచ్చింది.

నేను ఈత నేర్చుకున్నది కె.సి. కాలువలో. పొలాలు తడపడానికీ పడవలు నడపడానికీ అని 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించిన ఆ కాలువ, నా చారల డ్రాయరు ఏ గుడ్డతో కుట్టినదని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. నిజమే, అది అడక్కుండా తీసుకుపోయిన పిల్లలూ ఉన్నారు. అందుకే మా పిల్లలను ఆ గట్టు ఎక్కనివ్వను, అందుకే ఇంత దూరం వచ్చి తమరి కాళ్లలో నా కాళ్లు పెట్టాను.

ఇక డిపాజిట్టు. సాయంత్రం నాలుగింటికి వరుసలో నిలబడ్డాను. నా ముందు తడి నిక్కర్లు పట్టుకున్న గృహస్థులు నలభై మంది ఉన్నారు, కిటికీ ఒకటే ఉంది. గోడ అవతల అలల కొలనులో సైరను మోగింది, జనం కేరింతలు కొట్టారు, అలలు వచ్చాయి, పోయాయి. నేను నాలుగు అడుగులు జరిగాను. మళ్లీ సైరను మోగింది. సముద్రం లేని ఊరివాడిని అలల కోసం తీసుకొచ్చి, ఆ అలలను గోడ ఇవతల నుంచి వినిపించారు. తీరా కిటికీ దగ్గరికి చేరాక ఆయన లెక్కపెట్టి, "నాలుగే ఉన్నాయి, 347 ఏది?" అన్నాడు. సరే, ఆ ఒక్కదాని రెండు వందలు మినహాయించుకొమ్మన్నాను. రసీదు ఒకటే కనుక ఐదూ వస్తేనే డబ్బు వస్తుందట.

ఏమయ్యా నిక్కరూ, అప్పుడు నువ్వెక్కడ చచ్చావు? బట్టలు మార్చుకునే గదుల్లో వెతికాను, బల్లల కింద దూరాను, ముక్కూ మొహం తెలియని వాళ్ల బకెట్లలో తొంగిచూసి తిట్లు తిన్నాను. నీ కోసం, ఎవడో విడిచిన గుడ్డముక్క కోసం, ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు చెత్తబుట్టలో చెయ్యి పెట్టాడు! వెయ్యి రూపాయలూ ఆ కిటికీకే వదిలేసి, జడ్చర్ల దాటేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాము. దారి పొడుగునా కారులో నిద్రపోయిన మా అక్క కొడుకు ప్యాంటు విప్పాడు. లోపల నువ్వున్నావు. ఎడమ తొడ మీద 347, తెల్లని అంకెలు. "చెప్పొద్దేంరా?" అని అరిస్తే వాడు కళ్లు నులుముకుంటూ, "నువ్వు నన్నడిగితివా మామా?" అన్నాడు.

అడగలేదు.

ఇప్పుడు తమరు మా మిద్దె మీద దండేనికి వేలాడుతున్నారు. పది నిమిషాల్లో ఆరిపోయారు. ఈ ఊళ్లో అంత త్వరగా ఆరేది తుంగభద్ర ఒక్కటే అనుకునేవాడిని. మా ఇంటావిడ సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాక ఆ ఘాటూ పోయింది. పిల్లవాడు తమరిని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. వచ్చే ఆదివారం వాళ్ల అవ్వ ఊళ్లో బావికి తీసుకుపోయి, నడుముకు తాడు కట్టి ఈత నేర్పిస్తానని మాటిచ్చాను. తమరూ రావలసి ఉంటుంది. గేటు దగ్గర ఎవరూ నలిపి చూడరు.

ఇట్లు,
తమరిని వెయ్యి రూపాయలకు కొనుక్కున్నవాడు,
రసీదు భద్రంగా ఉంది.