రబ్బరు రింగు పోతే మిషన్ పోయినట్టేనా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు కుట్టుపని చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారం ఇది: పాత నల్ల మిషన్‌కి బాబిన్ (కింది దారం ఉండే చిన్న రీలు) చుట్టే చక్రం పాడైతే సామాన్లు దొరకవు, బాగుచేయించడం దండగ. డ్రిల్ మిషన్‌కి బాబిన్ తగిలించి ఫుల్ స్పీడులో చుట్టేసుకోండి. బాబిన్ ఏదైనా ఒకటే. దారం ఎదురు దిక్కున చుట్టుకుంటే మాత్రం విప్పి పారేయాలి. కుట్టు తేడా వస్తే బాబిన్ కేస్ (బాబిన్ పెట్టే చిన్న డబ్బీ) స్క్రూ బిగిస్తే సరి.

ఇందులో సగం తప్పు, మిగతా సగం సగమే నిజం. ఇలాంటి మాట నమ్మి, ఇంకా ఇరవై ఏళ్లు కుట్టగల మిషన్‌ని పాత ఇనుముకి తూచి ఇచ్చేస్తే చాలా బాధగా ఉంటుంది.

ముందు ఆ "పాడైపోవడం" సంగతి చూద్దాం. చుట్టే చక్రం తిరగడం లేదంటే పదింట తొమ్మిదిసార్లు విరిగిందేమీ ఉండదు. మిషన్ పక్కనుండే పెద్ద చక్రానికి ఒరుసుకుని తిరిగే చిన్న రబ్బరు రింగు గట్టిపడి జారిపోతూ ఉంటుంది. గోటితో నొక్కి చూడండి. గోరు దిగకపోతే, పైన అద్దంలా మెరుస్తుంటే, ఒకచోట చదునుగా అరిగి ఉంటే ఆ రింగు పనైపోయినట్టే. చుట్టే చక్రాన్ని పెద్ద చక్రానికి ఆనించే ఉంచి నెలల తరబడి వదిలేసిన మిషన్లలో ఆ చదును తప్పకుండా కనిపిస్తుంది. మామూలు ఇంటి మిషన్ రింగు బయటి కొలత సుమారు 19 మి.మీ., లోపలి కొలత సుమారు 9.5 మి.మీ. పాతది ఊడదీసి మిషన్ సామాన్ల కొట్టుకి పట్టుకెళ్లండి. అక్కడ లేకపోతే నీళ్ల మోటార్లు బాగుచేసేచోట అదే కొలతలో ఓ రింగు అడగండి. కొత్తది వేసేముందు పెద్ద చక్రం అంచుని పొడిగుడ్డతో గట్టిగా తుడవాలి. అక్కడ నూనె ఉంటే కొత్త రింగు కూడా జారుతుంది.

రింగు బాగానే ఉండి ఇరుసు బిగుసుకుపోతే కారణం చాలావరకు కొబ్బరినూనె. మిషన్ నూనె లేదని అది వేస్తారు. కొన్నాళ్లకి జిగురులా గట్టిపడి ఇరుసుని పట్టేస్తుంది. రెండు చుక్కల కిరసనాయిలు వేసి, చేత్తో అటూ ఇటూ తిప్పి, నల్లటి మడ్డి తుడిచి, అప్పుడు ఒక్క చుక్క మిషన్ నూనె వేయండి. స్ప్రింగు పోయి చక్రం ఆనడం లేదంటే చుట్టినంతసేపూ వేలితో నొక్కి పట్టుకున్నా పని జరుగుతుంది. అసలు భాగమే విరిగిపోతే, నల్ల మిషన్లలో చాలావాటికి చుట్టే చక్రం మొత్తం సెట్టుగానే దొరుకుతుంది.

ఇక డ్రిల్. డ్రిల్‌తో చుట్టడం తప్పు కాదు, ఫుల్ స్పీడే తప్పు. ఇప్పుడు ఎక్కువగా వాడేది పాలిస్టర్ దారం. అది సాగుతుంది. వేగంగా లాగుతూ బిగువుగా చుడితే సాగినదారమే బాబిన్ మీద కూర్చుంటుంది. కుట్టాక అది మళ్లీ కుంచించుకుంటుంది, జాకెట్టు చంక దగ్గర, చీర ఫాల్ అంచున కుట్టు ముడతలు పడుతుంది. ఇస్త్రీ చేసినా ఆ ముడత పోదు. ప్లాస్టిక్ బాబిన్ అయితే ఆ ఒత్తిడికి పక్కలు ఉబ్బి కేసులో ఇరుక్కుంటుంది.

సరైన పద్ధతి ఇది. 6 మి.మీ. బోల్టు ఒకటి, దానికి నట్టు, రెండు వాషర్లు తీసుకోండి. బాబిన్ నడిమి బెజ్జంలోంచి బోల్టు దూర్చి, రెండువైపులా వాషర్లు పెట్టి, బాబిన్ విడిగా తిరగనంత మాత్రమే నట్టు బిగించండి. బోల్టు మిగిలిన కొసని డ్రిల్ నోట్లో బిగించండి. దారం కొసని బాబిన్ పక్కన ఉన్న చిన్న బెజ్జంలోంచి లోపలినుంచి బయటికి తీసి పట్టుకోండి. పది పన్నెండు చుట్లు చేత్తో తిప్పి, ఆ కొసని బాబిన్ అంచుదాకా కత్తిరించేయండి. కొస మిగిలితే షటిల్‌లో (బాబిన్ కేస్ కూర్చునే భాగంలో) చిక్కుకుంటుంది. దారాన్ని మడతపెట్టిన గుడ్డముక్కలోంచి పోనిచ్చి రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టుకోండి. వట్టి వేళ్లతో పట్టుకుంటే కోసుకుపోతుంది. ట్రిగ్గర్ కొద్దిగానే నొక్కుతూ, దారాన్ని ఒక అంచునుంచి రెండో అంచుకి నడిపించండి. చున్నీ, జడ, గాజులు దూరంగా ఉండాలి. అంచుకి ఒక మిల్లీమీటరు తక్కువగా ఆపేయండి. చేత్తో తిప్పే పళ్లచక్రాల డ్రిల్ దొరికితే ఇంకా మంచిది, తుపానుకి కరెంటు పోయినా పని ఆగదు.

డ్రిల్ లేనివాళ్లు చేత్తో చుట్టొచ్చు. కానీ బాబిన్‌ని కదలకుండా పట్టుకుని దారాన్ని చుట్టూ తిప్పకండి. ఒక్కో చుట్టుకి దారంలో ఒక్కో పురి ఎక్కుతుంది లేదా విడుతుంది. చుట్టు సగటున 4 సెం.మీ. అనుకుంటే 40 మీటర్ల దారానికి వెయ్యి చుట్లు, అంటే వెయ్యి పురుల తేడా. కుట్టేటప్పుడు దారం ఉంగరాలు తిరిగి తెగేది అందుకే. దారాన్ని నిలకడగా ఉంచి బాబిన్‌నే తిప్పాలి.

బాబిన్ ఏదైనా ఒకటే అన్నది పూర్తిగా తప్పు. ఇంటి నల్ల మిషన్లలో ఎక్కువ వాటి బాబిన్ వ్యాసం 20 మి.మీ. పైచిలుకు, మందం 11.7 మి.మీ. జూకీ కంపెనీ తరహా పెద్ద మిషన్ బాబిన్ వ్యాసం 21 మి.మీ., మందం 9 మి.మీ. దగ్గర. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని కేసులో మరొకటి సరిగ్గా కూర్చోదు. ఇంకా పాత సింగర్ మిషన్లలో పడవలాంటి షటిల్, అందులో సన్నటి పొడుగు బాబిన్ ఉంటాయి. దానికి నడిమి బెజ్జమే లేదు కాబట్టి బోల్టు పద్ధతి కుదరదు. ఒక కొసని డ్రిల్ నోట్లో సుతారంగా పట్టించి చుట్టాలి.

ఎదురు దిక్కున చుట్టుకుంటే విప్పనక్కర్లేదు. గుండ్రటి బాబిన్ రెండు పక్కలూ ఒకటే, తిరగేసి కేసులో పెట్టండి. దారం కేస్ చీలికలోకి దిగేటప్పుడు వెనక్కి మడత తిరిగి స్ప్రింగు కిందికి వెళ్లాలి. అలా వెళ్తే దిక్కు సరిగ్గా ఉన్నట్టే.

చివరిది కేస్ స్క్రూ. వదులుగా చుట్టిన బాబిన్‌లో పై చుట్టు కింది చుట్ల మధ్యకి దిగిపోతుంది. దారం ఒక అంగుళం తేలిగ్గా వచ్చి మరో అంగుళం పట్టేస్తుంది. ఈ కుదుపుని ఏ స్క్రూ సరిచేయలేదు. పైగా స్క్రూ బిగించాక సరిగ్గా చుట్టిన బాబిన్ పెడితే కింది దారం మరీ బిగిసి, పై దారాన్ని కిందికి గుంజేస్తుంది. ముందు బాబిన్ మళ్లీ చుట్టండి, స్ప్రింగు కింద పేరుకున్న దూదిపీచు తీయండి. తర్వాత కేసుని దారంతో వేలాడదీయండి. ఊరకే ఉంచితే జారకూడదు, చిన్న కుదుపుకి నాలుగైదు సెంటీమీటర్లు దిగి ఆగాలి. అలా ఆగకపోతేనే పెద్ద స్క్రూని పావు చుట్టులో సగం తిప్పి మళ్లీ వేలాడదీసి చూడండి. చిన్న స్క్రూ జోలికి పోకండి, అది స్ప్రింగుని పట్టి ఉంచేది. ఇక గుడ్డ అడుగున దారం గూడు కడుతుంటే బాబిన్‌ని నిందించకండి. అది దాదాపు ఎప్పుడూ పై దారం టెన్షన్ రేకుల (దారాన్ని బిగువుగా పట్టే బిళ్లల) మధ్యకి దిగకపోవడమే. ప్రెషర్ ఫుట్ (గుడ్డని నొక్కిపట్టే పాదం) పైకెత్తి, దారం తీసి మొదటినుంచి ఎక్కించండి.