సవరణ: ఎర్త్ తీగ గురించి నేను రాసినది తప్పు

పాత ఇళ్లలో ఎర్త్ తీగ లేకపోతే, మూడు పిన్నుల సాకెట్‌లో పైనున్న పెద్ద పిన్నును న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) కలిపేయవచ్చని పోయిన వారం రాశాను. అది ప్రాణం తీసే తప్పు. దయచేసి ఎవరూ అలా చేయవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, ఆన్‌లో ఉన్న గీజరు లేదా ఫ్రిజ్ లోపలి నుంచి 230 వోల్టులు నేరుగా దాని లోహపు ఒంటికి చేరుతాయి. ఫ్యూజు కూడా పోదు.

ఆకుపచ్చ ఎర్త్ తీగ, నేలలో ఎర్త్ కోసం తవ్విన గుంత దాకా విడిగా వెళ్లాలి. గోడలోని సాకెట్ పెట్టె ఇనుపదైతే దానికీ ఎర్త్ బిగించాలి. చాలామంది వదిలేసే పని ఇది, నేనూ రాయలేదు. ఇప్పటికే కలిపినవారు వెంటనే మెయిన్ ఆపి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. సరైన ఎర్త్ వచ్చేవరకు ఆ సాకెట్‌కు గీజరు పెట్టకండి.