సవరణ: కేరళ పాలియేటివ్ వాలంటీర్లు మందులు ఇవ్వరు

పాలియేటివ్ కేర్ అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే సేవ. అందులో భాగంగా చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే తోడుండే కేరళ వాలంటీర్ల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. గట్టి నొప్పి మందు మార్ఫిన్‌ని వాళ్లే ఇస్తారని రాశాను. కాదు, మార్ఫిన్ డాక్టర్ రాయాల్సిందే, పుండ్లు కడగడం, గొట్టాలు మార్చడం లాంటివి నర్సు చూసుకుంటుంది. నా మాట నమ్మి ఎవరైనా మంచి మనసుతోనే పక్కింటి పెద్దాయనకు మాత్ర వేసేస్తే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి వాలంటీరు చేసేదేంటి? మంచం పక్కన కూర్చుని చెప్పింది వినడం, తడి దూదితో ఎండిన పెదాలు ఎలా తడపాలో ఇంట్లోవాళ్లకు చూపించడం, రాత్రంతా మేలుకున్న కోడలు గంటసేపు కునుకు తీసేలా తాను ఉండటం, బియ్యం నిండుకుంటే వీధిలో నలుగురికీ చెప్పి తెప్పించడం. ఎలా మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదానికే శిక్షణలో పెద్దపీట. "ఏం కాదులే, తగ్గిపోతుంది" అనకూడదు. ఒక చావు చూసొచ్చిన వాలంటీరు కూడా ఎవరితోనైనా చెప్పుకోవాలి కదా, ఆ మాట మొన్న అసలు రాయనే లేదు.

రెండోది, ఇదంతా 2008లో మొదలైందన్నాను. అది కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించిన ఏడాది. కోజికోడ్ మెడికల్ కాలేజీలో ఈ పని 1993లోనే మొదలైంది. పాత పోస్టులో రెండూ దిద్దాను.