శాతం స్థిరం, ధర చంచలం

నెలనెలా ఇంటికి చేరే సరుకులకు ఆన్‌లైన్‌లో చందాదారులుగా చేరినవారు ధర ఖాయమైపోయిందని నిశ్చింతగా ఉంటారు. ఖాయమయ్యేవి వారి చిరునామా, కార్డు నంబరు, సరుకు వచ్చే తేదీ. ధర అంత తొందరపడే స్వభావం గలది కాదు.

అమెజాన్ 2007లో మొదలుపెట్టిన సబ్‌స్క్రైబ్ అండ్ సేవ్ పథకం నిబంధనల్లో ఈ సంగతి దాపరికం లేకుండానే ఉంది: చందా వేసిన నాటి ధర కాక, ఒక్కో ఆర్డరును పంపడానికి సిద్ధం చేసే నాటి ధరే వర్తిస్తుంది, తగ్గింపు దాని మీదే. అంటే ఎంత శాతమో నేడే చెబుతారు, దేని మీద శాతమో ఆనాడు తెలుస్తుంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతలో పెద్దలు పేరుతో ఆగారు. వ్యాపారం సోమలింగానికి రాయితీ కూడా ప్రకటించింది.

ఈ గణితం ముచ్చటైనది. ధర 100 ఉన్నప్పుడు 15 శాతం తగ్గింపుతో 85 కట్టినవాడు, ధర 120కి చేరాక అదే తగ్గింపుతో 102 కడతాడు. పోయినసారి కంటే 17 ఎక్కువ చెల్లించిన ఆ మనిషికి, తాను 18 ఆదా చేశానన్న రుజువు బిల్లులోనే దొరుకుతుంది. అబద్ధం ఒక్కటీ లేదు, అదే దీని గొప్పదనం.

సరుకు బయలుదేరే ముందు ఈమెయిలు వస్తుంది, కాదనలేము. అయితే మౌనం అర్ధాంగీకారమన్న పాత సూత్రాన్ని ఇక్కడ సవరించారు. చదవని ఈమెయిలు పూర్ణాంగీకారం. ధరలు పోల్చి చూసే శ్రమ తప్పించుకోవడానికే చందా వేసినవాడు ఆ ఈమెయిలు తెరిచి మరీ ధరలు పోల్చి చూస్తాడని ఆశించడం ఎంతటి ఉదాత్తమైన నమ్మకమో!

అన్నిటికన్నా రసవత్తరమైనది '15 శాతం వరకు' అనే మాటలోని 'వరకు'. అంతవరకు చేరాలంటే తరచుగా ఒకే రోజున, ఒకే చిరునామాకు, ఐదు వస్తువులు రావాలి. నాలుగు మాత్రమే అవసరమైన చందాదారుడు ఐదోదాన్ని వెతికి పట్టుకుంటాడు. కొన్ని నెలలకు అలమారలో దానికంటూ ఒక అర ఏర్పడుతుంది. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, ఆ హక్కు చెక్కుచెదరలేదు. కాకపోతే ఐదోదాన్ని తీసేస్తే మిగిలిన నాలుగింటి మీద రాయితీ తగ్గుతుంది కనుక, అతడు రెండో అర ఖాళీ చేస్తున్నాడు.